హుండీ నుండి ఈ-వే బిల్లు దాకా: అభ్యర్థనల మధ్య సమాచార సంక్రమణ - బేగంబజార్ వర్తక నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెబ్ వ్యవస్థలపై ఒకేసారి ఎందరు వినియోగదారులు వస్తే అవి తట్టుకోగలవో ముందుగా తెలుసుకొనే ప్రక్రియను లోడ్ టెస్టింగ్ అంటారు. ఈ వ్యాసంలో దానిని 'భారపరీక్ష' అని వ్యవహరించడం జరిగింది. ఒక అభ్యర్థనకు వచ్చిన జవాబులోని సమాచారాన్ని తరువాతి అభ్యర్థనకు అందించడం భారపరీక్షలో కీలకమైన పని. పరస్పర పరిచయం లేని రెండు సందర్భాలను ఒక గుర్తు ద్వారా ముడివేయడమే ఈ పనిలోని సారం. హైదరాబాదులోని బేగంబజార్ వర్తకులకు ఈ సమస్య కొత్తది కాదు. వర్తక లోకం దీనికి హుండీ రూపంలో ఒక పరిష్కారాన్ని చూపింది. నేడు అదే బజారు నుండి బయలుదేరే సరుకు ఈ-వే బిల్లు సంఖ్యపై ఆధారపడి కదులుతున్నది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, సమాచార సంక్రమణను విస్మరించిన భారపరీక్ష ఎందుకు తప్పుడు భరోసాను ఇస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బేగంబజార్, హుండీ, పేఠ్, ఖోఖా, కుకీ, సెషన్, భారపరీక్ష, జేమీటర్, ఈ-వే బిల్లు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'హుండీ' అనగానే మొదట స్ఫురించేది దేవాలయంలో కానుకలు వేసే పాత్ర. వర్తక పరిభాషలో మాత్రం ఆ మాటకు వేరే అర్థం ఉంది. ఒక ఊరిలో సొమ్ము చెల్లించి, మరొక ఊరిలో దానిని పొందడానికి రాయించుకొనే పత్రం హుండీ. మొదటి అర్థం నేటికీ జనవ్యవహారంలో నిలిచి ఉండగా, రెండవది క్రమంగా పాత లెక్కల పుస్తకాలకూ న్యాయగ్రంథాలకూ పరిమితమైంది. మాట వాడుక తగ్గినా ఆ పత్రం తీర్చిన అవసరం తగ్గలేదు. ఒక చోట జరిగిన వ్యవహారాన్ని, దానిని చూడని మరొక చోట నమ్మించవలసిన అవసరం నేటి వెబ్ లావాదేవీలలో అడుగడుగునా ఎదురవుతుంది.

సాంకేతిక గ్రంథాలు ఈ విషయాన్ని కేవలం ఉపకరణాల వాడుకగా వివరిస్తాయి. వర్తక చరిత్ర నేపథ్యంలో చూచినప్పుడు దాని వెనుక ఉన్న తర్కం మరింత స్పష్టమవుతుంది.

2. బేగంబజార్ - అపరిచితుల మధ్య వర్తకం:

మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్‌లకు చేరువలో బేగంబజార్ ఉంది. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కాలంలో ఆయన బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చినందువల్ల ఆ పేరు వచ్చిందని ప్రసిద్ధి. పాత్రలు, ఎండుఫలాలు, మసాలా దినుసులు, పూజాసామగ్రి వంటివాటి టోకు వ్యాపారానికి అది నేటికీ పేరుపొందిన కేంద్రం.

పందొమ్మిదవ శతాబ్దపు హైదరాబాదులో కార్వాన్, బేగంబజార్, రెసిడెన్సీ బజారు ప్రాంతాలు సాహుకార్లకు నెలవులు. గోసాయిలు, మార్వాడీలు, గుజరాతీలు మొదలైన సమూహాలవారు ఇక్కడ వర్తకంతోపాటు వడ్డీ వ్యాపారమూ ద్రవ్య వినిమయమూ నడిపారు. వీరు కేవలం దుకాణదారులకే కాక రాజ్యానికి కూడా అప్పు ఇచ్చారు. నిజాం రాజ్య రాజకీయాలలో ఈ సాహుకారీ సంస్థల పాత్రను చరిత్రకారిణి కరెన్ లియొనార్డ్ 1981లో ప్రచురించిన పరిశోధనవ్యాసంలో విశ్లేషించారు. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో (1853-1883) జరిగిన పాలనా సంస్కరణలతో రాజ్య ఆదాయ వ్యవహారాలలో వీరి ప్రాబల్యం తగ్గింది. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో కార్యకలాపాలు ప్రారంభించిన తరువాత ద్రవ్యవ్యవహారాలకు ఆధునిక సంస్థాగత రూపం బలపడింది.

టోకు వర్తకంలో కొనేవాడు ఒక ఊరిలో, అమ్మేవాడు మరొక ఊరిలో ఉంటారు. సరుకు మోసేవాడు ఈ ఇద్దరికీ చెందడు. సొమ్ము చెల్లించే గుమాస్తాకు సొమ్ము పొందేవాడి ముఖం తెలియకపోవచ్చు. ప్రతి కలయికా దానికదే విడిగా జరుగుతుంది. వాటిని ఒక్క లావాదేవీగా కూర్చేది చేతులు మారే కాగితమే.

3. హుండీ - మోసుకువెళ్లే సమాచారం:

హుండీలో అనేక భేదాలు ఉన్నాయి. చూపిన వెంటనే సొమ్ము చెల్లించవలసినది 'దర్శనీ హుండీ'. నిర్ణీత గడువు తరువాత చెల్లించవలసినది 'ముద్దతీ హుండీ'. ఎవరికి చెల్లించాలన్న దానినిబట్టి కూడా భేదాలు ఏర్పడ్డాయి. పేరు రాసిన వ్యక్తికి మాత్రమే చెల్లించేది 'నామ్‌జోగ్'. బజారులో పరువు ఉన్న 'షా' ద్వారా మాత్రమే చెల్లించేది 'షాజోగ్'. బ్రిటిషిండియాలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దేశభాషలలోని ఇటువంటి పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాలను భంగపరచకుండా వాటికి మినహాయింపు ఇచ్చింది. దీనినిబట్టి ఈ ఆచారాలు ఎంత స్థిరపడినవో ఊహించవచ్చు.

ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు హుండీలోని నాలుగు లక్షణాలు గమనార్హం.

మొదటిది, మొత్తాన్ని ఒక్కసారి రాసి వదలరు. వెయ్యి రూపాయల హుండీలో 'వెయ్యి, అందులో సగమైన ఐదువందలకు రెట్టింపు' అన్న రీతిలో మళ్లీ రాస్తారు. ఒక అంకెను దిద్దినవాడు మిగిలినవాటినీ దిద్దవలసి వస్తుంది. పత్రం తన నిజాయితీని తనలోనే మోస్తుంది.

రెండవది, హుండీ పోతే దానిని రాసిన సంస్థే 'పేఠ్' అనే ప్రతిని ఇస్తుంది. అదీ పోతే 'పర్‌పేఠ్' ఇస్తుంది. ఒక్కదానిపై సొమ్ము చెల్లితే మిగిలినవి చెల్లవు.

మూడవది, సొమ్ము చెల్లించి రద్దుచేసిన హుండీని 'ఖోఖా' అంటారు. అది లెక్కకు సాక్ష్యమే కాని మరొకసారి సొమ్ము తేగల పత్రం కాదు.

నాలుగవది, హుండీ ఒంటరిగా పనిచేయదు. చెల్లించవలసిన సంస్థకు సమాచారలేఖ వెళుతుంది. రెండు చోట్లా ఖాతాపుస్తకాలలో పద్దులు ఉంటాయి. మోసుకువచ్చిన కాగితానికీ ఇంటిలోని పద్దుకూ పొత్తు కుదిరినప్పుడే చెల్లింపు నిశ్చయమవుతుంది.

సమగ్రత, పునర్జారీ, ఏకవినియోగం, సరిపోల్చడం అనే ఈ నాలుగు నియమాలూ వెబ్ లావాదేవీలలో మళ్లీ కనిపిస్తాయి.

4. స్మృతి లేని వెబ్, కుకీ పుట్టుక:

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకొనే నియమావళి పేరు హెచ్‌టీటీపీ. 1996లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే పత్రం దానిని 'స్థితిరహితం'గా పేర్కొన్నది. అంటే ప్రతి అభ్యర్థనా సర్వర్‌కు మొదటి పరిచయమే. క్షణం క్రితం ఇదే వ్యక్తి తన పేరు, సంకేతపదం ఇచ్చి లోపలికి వచ్చాడన్న సంగతి నియమావళికి గుర్తుండదు. పత్రాలు చదువుకోవడానికి ఈ ఏర్పాటు చాలును, వర్తకానికి చాలదు.

ఈ లోటును పూరించిన కుకీ కూడా వర్తక అవసరం నుండే పుట్టడం విశేషం. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ, కొనుగోలు బుట్టను నిర్మించే సందర్భంలో కుకీని రూపొందించాడు. అసంపూర్ణమైన కొనుగోళ్ల వివరాలను తన సర్వర్లలో నిలువ చేసుకోవడానికి ఖాతాదారు సంస్థ ఇష్టపడలేదు. అందువల్ల ఆ గుర్తును కొనుగోలుదారు బ్రౌజరే మోసుకుతిరిగే ఏర్పాటు జరిగింది. సర్వర్ తన జవాబుతోపాటు ఒక చిన్న చీటీ ఇస్తుంది. బ్రౌజర్ తరువాతి ప్రతి అభ్యర్థనతో ఆ చీటీని చూపుతుంది. ఈ పద్ధతికి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2109, 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6265 ప్రామాణిక రూపాన్ని ఇచ్చాయి.

చీటీలో ఏమి ఉండాలన్న విషయంలో రెండు మార్గాలు ఉన్నాయి. ఒక మార్గంలో చీటీయే వివరాలన్నిటినీ మోస్తుంది. ఎవరూ దిద్దకుండా దానిపై సర్వర్ తన సంతకం చేస్తుంది. ఇది హుండీకి దగ్గరి పద్ధతి. రెండవ మార్గంలో చీటీపై అర్థంలేని ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. అసలు వివరాలు సర్వర్ దగ్గరి పుస్తకంలో ఉంటాయి. ఇది ఖాతాపుస్తకంలో పుటసంఖ్య వంటిది. సెషన్ సంఖ్య ఈ రెండవ వర్గానికి చెందినది.

అయితే పోలికకు హద్దు ఉంది. హుండీ వెనుక మనుషుల పరువు, కులబంధాలు, తరతరాల పరిచయాలు ఉన్నాయి. చీటీ కొంచెం నలిగినా తెచ్చినవాడిని చూచి గుమాస్తా సర్దుకోగలడు. సర్వర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా అది తెచ్చినవాడిని కొత్తవాడిగానే చూస్తుంది.

5. ఈ-వే బిల్లు - బజారుకు వచ్చిన కొత్త చీటీ:

2017 జులై 1న వస్తుసేవల పన్ను అమలులోకి వచ్చింది. దాని కొనసాగింపుగా, సాధారణంగా 50,000 రూపాయలకు మించిన విలువగల సరుకు రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. దీని పోర్టల్‌ను జాతీయ సమాచార కేంద్రం రూపొందించింది. 2018 ఫిబ్రవరి 1న దేశవ్యాప్తంగా తప్పనిసరి చేయగా, ఆ రోజే పోర్టల్‌లో బిల్లులు తీయడం కష్టమైంది. సాంకేతిక ఇబ్బందుల కారణంగా ప్రభుత్వం తప్పనిసరి అమలును వాయిదా వేసి ప్రయోగదశను పొడిగించింది. తరువాత ఏప్రిల్ 1 నుండి అంతర్రాష్ట్ర రవాణాకు, ఏప్రిల్ 15 నుండి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా ఐదు రాష్ట్రాలలో రాష్ట్రం లోపలి రవాణాకు అది అమలైంది.

బేగంబజార్ వంటి టోకు కేంద్రానికి దీని ప్రభావం ప్రత్యక్షమైనది. సరుకు దుకాణం నుండి రవాణా సంస్థ గోదాముకు, అక్కడినుండి లారీలో జిల్లా పట్టణానికి వెళుతుంది. ఈ-వే బిల్లులో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిదైన 'పార్ట్-ఎ'లో ఇన్వాయిస్, సరుకు, కొనుగోలుదారు వివరాలు ఉంటాయి. రెండవదైన 'పార్ట్-బి'లో వాహనం వివరం ఉంటుంది. వ్యాపారి మొదటి భాగం నింపి రవాణా సంస్థకు అప్పగిస్తే, వాహనం వివరాన్ని ఆ సంస్థ నింపవచ్చు. దారిలో లారీ మారితే మళ్లీ నింపాలి. ఈ చేతులన్నిటినీ కలిపేది 12 అంకెల బిల్లు సంఖ్య ఒక్కటే.

ఈ బిల్లుకు ముద్దతీ హుండీ లాగా గడువు ఉంది. సాధారణ సరుకుకు మొదట ప్రతి 100 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉన్న గడువు, 2021 జనవరి 1 నుండి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున మారింది. బిల్లు తీసిన 24 గంటలలోపు రద్దు చేసుకొనే వీలు ఉంది. సరైన పత్రం లేని సరుకును తనిఖీలో నిలిపివేసే అధికారం చట్టం అధికారులకు ఇచ్చింది. కనుక పోర్టల్ మందగించిన రోజున నష్టపోయేది తెరముందు కూర్చున్న గుమాస్తా ఒక్కడే కాదు. సరుకు ఎత్తి ఖాళీగా నిలిచిన లారీ, కూలి దొరకని హమాలీ, సరుకు కోసం ఎదురుచూచే చిన్న పట్టణపు దుకాణదారు కూడా నష్టపోతారు. భారపరీక్ష నాణ్యత వీరందరికీ సంబంధించిన విషయం.

6. భారపరీక్షలో సమాచార సంక్రమణ:

వేలాదిమంది నిజమైన వ్యాపారులను ఒకేసారి కూర్చోబెట్టి పరీక్షించడం సాధ్యం కాదు. కాబట్టి వారి పనిని అనుకరించే ఉపకరణాలు పుట్టాయి. వాటిలో ప్రసిద్ధమైన జేమీటర్‌ను 1998లో స్టెఫానో మజోచ్చి అపాచీ సంస్థ ఆశ్రయంలో, జేసర్వ్ అనే సర్వర్‌ను పరీక్షించడానికి రూపొందించాడు. మెర్క్యురీ సంస్థ నిర్మించిన లోడ్‌రన్నర్ అదే కోవకు చెందిన వాణిజ్య ఉపకరణం. ఇవి ఒక మనిషి చేసిన పనిని ముందు నమోదు చేసుకొని, తరువాత వందల, వేల కృత్రిమ వినియోగదారుల చేత తిరిగి చేయిస్తాయి.

6.1 నమోదైన చీటీ - ఖోఖా:

సమస్య ఇక్కడే మొదలవుతుంది. నమోదులో అభ్యర్థనలతోపాటు ఆనాటి సెషన్ సంఖ్య, ఆనాటి ఫారంలోని రహస్య గుర్తు, ఆనాటి బిల్లు సంఖ్య కూడా అచ్చుగుద్దినట్లు నిలిచిపోతాయి. వాటిని అలాగే తిరిగి పంపడం, చెల్లిపోయిన ఖోఖాను మళ్లీ గుమాస్తా ముందు పెట్టడం వంటిది.

గుమాస్తా ఖోఖాను వెనక్కు తోసివేస్తాడు. సర్వర్ చాలాసార్లు అలా చేయదు. 'మళ్లీ లాగిన్ కండి' అనే పుటను మర్యాదగా అందిస్తుంది. సాంకేతికంగా అది సక్రమంగా అందిన పుటే కాబట్టి, విజయాన్ని సూచించే 200 అనే సంకేతం వస్తుంది. ఉపకరణం దానిని గెలుపుగా లెక్కిస్తుంది. పైగా లాగిన్ పుట తేలికైనది; దానికి డేటాబేస్‌లో వెదుకులాట అవసరం లేదు. కాబట్టి సగటు సమయం కూడా చాలా తక్కువగా కనిపిస్తుంది. నివేదికలో వేలమంది వేగంగా బిల్లులు తీసినట్లు ఉంటుంది. నిజానికి ఒక్క బిల్లు కూడా పుట్టి ఉండదు. గుంపు లెక్క సరిపోయింది కాని వర్తకం జరగలేదు.

దీనికి పరిష్కారంగా పరీక్షకులు నాలుగు పనులు చేస్తారు. జవాబు నుండి కావలసిన గుర్తును వెలికితీయడం. దానిని ఒక పేరుతో దాచడం. తరువాతి అభ్యర్థనలో పాత విలువ స్థానంలో దానిని నిలపడం. వచ్చిన జవాబులో ఆశించిన విషయం నిజంగా ఉన్నదా అని సరిచూడడం. జేమీటర్‌లో వెలికితీతకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌ట్రాక్టర్, జేసన్ ఎక్స్‌ట్రాక్టర్ వంటివి, కుకీలకు కుకీ మేనేజర్, సరిచూడడానికి అసర్షన్లు ఉన్నాయి. లోడ్‌రన్నర్ పరిభాషలో ఈ పనిని 'కోరిలేషన్' అంటారు. గణాంకశాస్త్రంలో ఆ మాటకు 'సహసంబంధం' అనే తెలుగు స్థిరపడింది కాని, ఆ అర్థం ఇక్కడ పొసగదు. ఇక్కడ జరిగేది రెండు రాశుల పోలిక కాదు, ఒకచోట అందుకొన్నదానిని మరొకచోట అందించడం. అందువల్ల 'సమాచార సంక్రమణ' అనే మాట ఈ వ్యాసంలో స్వీకరించబడింది.

నాలుగవ పనిని విస్మరిస్తే మొదటి మూడింటికీ విలువ ఉండదు. వెలికితీత విఫలమైనా అభ్యర్థన బయలుదేరుతుంది. దానిలో ఖాళీ విలువో, ముందుగా నిర్ణయించిన విలువో ఉంటుంది. అందువల్ల బిల్లు సంఖ్య 12 అంకెలతో వచ్చిందా, లేదా అని జవాబులోనే చూడడం అవసరం. హుండీలో సగం మొత్తాన్ని మళ్లీ రాసినవారి జాగ్రత్త ఇదే.

6.2 ఇద్దరి మధ్య అందింపు:

ఒకే కృత్రిమ వ్యాపారి తన గుర్తును తానే వాడుకోవడం మొదటి మెట్టు. ఒకరు పుట్టించిన సంఖ్యను మరొకరికి అందించడం రెండవ మెట్టు. ఈ-వే బిల్లు వంటి వ్యవస్థలో వ్యాపారి ఒక వరుసలోను, రవాణా సంస్థ మరొక వరుసలోను ఉంటారు. పరీక్షలో వీరు వేర్వేరు థ్రెడ్ గ్రూపులు.

జేమీటర్‌లో 'వేరియబుల్' దానిని పుట్టించిన థ్రెడ్‌కు మాత్రమే సొంతం. పక్క థ్రెడ్ దానిని చూడలేదు. 'ప్రాపర్టీ' అందరికీ ఉమ్మడి. రవాణా సంస్థకు సంఖ్య అందాలని వందమంది వ్యాపారుల చేత ఒకే ప్రాపర్టీలో రాయిస్తే, చివరివాడు రాసినదే మిగులుతుంది. తొంభైతొమ్మిది బిల్లులు దారిలో మాయమవుతాయి. రవాణా సంస్థలన్నీ ఒకే బిల్లుకు లారీలను జతచేయబోతాయి. అప్పుడు డేటాబేస్‌లో ఒకే పద్దు దగ్గర కృత్రిమమైన తొక్కిసలాట ఏర్పడుతుంది. మొదటి తప్పు వ్యవస్థను ఉన్నదానికంటే బలంగా చూపితే, ఈ తప్పు దానిని ఉన్నదానికంటే బలహీనంగా చూపుతుంది.

దీనికి విరుగుడు వరుసపద్ధతి. పుట్టిన ప్రతి సంఖ్యనూ ఒక వరుస చివర చేర్చి, రవాణా వైపు థ్రెడ్ వరుస మొదటినుండి ఒక్కొక్కటి తీసుకొంటుంది. తీసిన సంఖ్య మరొకరికి దొరకదు. జేమీటర్‌కు ఇటువంటి వరుసను సమకూర్చే అనుబంధాలు ఉన్నాయి. ఇన్వాయిస్ సంఖ్యల వంటి ముందస్తు వివరాలను సీఎస్‌వీ దస్త్రంలో ఉంచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస పంచవచ్చు. ఒక పత్రం ఒక్కసారే చెల్లాలన్న హుండీ నియమమే దీని వెనుక ఉన్నది.

7. కొలమానం, లిపి:

సమాచారం చేతులు మారేటప్పుడు అంకె ఒక్కటే వెళితే చాలదు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, బ్రిటిషిండియా కల్దార్ అనే రెండు రకాల రూపాయలు చెలామణిలో ఉండేవి. చివరి దశాబ్దాలలో స్థూలంగా ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. కాబట్టి హైదరాబాదు వర్తకానికి సంబంధించిన పత్రంలో 'వెయ్యి' అన్నది అసంపూర్ణమైన మాట. ఏ సిక్కాలో వెయ్యి అన్నది కూడా దానివెంట వెళ్లాలి.

నేటి వ్యవస్థలలో ఈ స్థానం లిపిసంకేత విధానానిది. తెలుగు పేర్లు, చిరునామాలు స్వీకరించే పోర్టళ్ల విషయంలో ఇది ముఖ్యం. యూటీఎఫ్-8 విధానంలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'రామయ్య' అనే మాటలో గుణింతపు గుర్తు, పొల్లు కలిపి ఆరు సంకేతాలు ఉన్నాయి. అవి 18 బైట్లు. అదే పేరును వెబ్ చిరునామాలో భాగంగా పంపినప్పుడు ఒక్కొక్క బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారి మొత్తం 54 అవుతుంది. రోమను లిపిలో ఆ పేరు ఏడు బైట్లతో సరిపోతుంది. పరీక్షకు వాడే పేర్లన్నీ రోమను లిపిలో ఉంటే నిడివి హద్దులు దాటిన సందర్భాలు, ఒక మెట్టు దగ్గర లిపి చెడిపోయిన సందర్భాలు బయటపడవు. అవి తెలుగువారు నిజంగా వాడిన రోజునే బయటపడతాయి.

8. ముగింపు:

1. వర్తకంలోను, వెబ్‌లోను ఒక లావాదేవీ అనేక విడి కలయికల సమాహారం. ఒక కలయికలో అందుకొన్న గుర్తును తరువాతి కలయికలో చూపడం ద్వారానే అవి ఒకటవుతాయి.

2. సమగ్రత, పునర్జారీ, ఏకవినియోగం, సరిపోల్చడం అనే హుండీ నియమాలు నేటి సెషన్, టోకెన్ పద్ధతులను అర్థం చేసుకోవడానికి దేశీయమైన పరిభాషను అందిస్తాయి. ఖోఖా, పేఠ్ వంటి మాటలు ఈ దృష్టితో పునర్వినియోగానికి అర్హమైనవి.

3. సమాచార సంక్రమణ లేని భారపరీక్ష అభ్యర్థనల సంఖ్యను కొలుస్తుంది కాని పనిని కొలవదు. అది విఫలమైనట్లు కూడా కనిపించకపోవడం దానిలోని పెద్ద ప్రమాదం.

4. ఒకరి గుర్తు ఒకరికే పరిమితం కావలసిన చోట, ఒకరినుండి మరొకరికి అందవలసిన చోట వేర్వేరు ఏర్పాట్లు అవసరం. ఈ తేడాను ఉపకరణం తనంతట తాను గుర్తించదు. వ్యవహారం తెలిసిన మనిషి చెప్పాలి.

5. ప్రజలు తప్పనిసరిగా వాడవలసిన పోర్టళ్ల విషయంలో పరీక్ష నివేదికలు ఎంతమందిని అనుకరించారన్నదానితోపాటు, ఎన్ని లావాదేవీలు చివరివరకు పూర్తయి డేటాబేస్‌లో పద్దులుగా నిలిచాయో కూడా చూపాలి. పంపిన అభ్యర్థనలకూ నిలిచిన పద్దులకూ పొత్తు కుదరని నివేదికను అంగీకరించకూడదు. దినాంతాన చిట్టా, ఆవర్జా సరిపోకుండా బజారులో ఏ గుమాస్తా లెక్క మూయడు.